నాలుగో పాదంలో దీపం

జమ్మలమడుగులో ఆనందయ్య పంతులు ఇల్లు యాడ అని ఎవరిని అడిగినా ముందు నవ్వుతారు, తర్వాతే దావ చూపిస్తారు. "ఎవరూ, పద్యం చెప్తా చెప్తా ఊరి ఓట్లన్నీ రాసిచ్చిన సారేనా?" అంటారు. ఏమంటాం! కుండ మూతికి మూకుడుంది గానీ ఊరి మూతికి యాడుంది? అయితే నవ్వేవాళ్లకు తెలిసింది సగం కతే. మిగతా సగం ఆయప్ప ఒక్కడికే తెలుసు. అది నవ్వుకునే కత కాదు.

ఆనందయ్య నాయన పాలయ్య మిషన్ ఆస్పత్రిలో కాంపౌండరు. తాతల నాడే చర్చిలో చేరిన కుటుంబం. కొడుకు కూడా తెల్ల కోటు వేసుకుని మందులు కలుపుతాడని పాలయ్య అనుకుంటే, ఈయన పోయి పోయి పద్యాల్లో పడినాడు. తెలుగు పండితుడై హైస్కూల్లో చేరినాడు. చర్చిలో పెద్దలకు అది మింగుడు పడలేదు. "మన కీర్తనలు ఉండంగా ఆ రాజుల కతలు, దేవతల కతలు నీకెందుకప్పా?" అనేవాళ్లు. పోనీ పద్యాల వాళ్లన్నా దగ్గరికి తీసుకున్నారా అంటే, అదీ లేదు. ప్రొద్దుటూరులో బట్టల అంగడి వెంకటరమణయ్య అంగడి మిద్దె మీద నెలకొకసారి సాహిత్య సభ పెట్టేవాడు. మంచి మనిషే. కానీ ఆనందయ్యను పరిచయం చేసినప్పుడల్లా, "పేరు చూడబోతే ఆనందయ్య, కొలిచేది చూడబోతే యేసయ్య, నోరు తెరిస్తే మటుకు సరస్వతి" అనేవాడు. అందరూ చప్పట్లు కొట్టేవాళ్లు. ఆయన కూడా నవ్వేవాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆ నవ్వు తీసేసి జోబీలో పెట్టుకుని, కిటికీ లోంచి తుమ్మ చెట్లు చూస్తా వచ్చేవాడు. సరస్వతి నోట్లో ఉంటే ఉండనీ, పక్కన కూర్చునేవాడు ఒక్కడు కావాల గదా మనిషికి.

ఆయన విమర్శకుడు. అయితే పుస్తకాల మీద పుస్తకాలు రాసే రకం కాదు. ఒక పద్యాన్ని పట్టుకుంటే ఆర్నెల్లు దాన్ని వదిలేవాడు కాదు. శెనిగ చేన్లో కలుపు తీసే ఆడమనిషి మాదిరి సాలు సాలుకూ వంగి, ఈ మాట ఇక్కడ ఎందుకుంది, దీని బదులు ఇంకో మాట ఉంటే ఏమయ్యేది, కవి చెప్పకుండా వదిలేసింది ఏంది అని వెతికేవాడు. అట్ల రాసిన వ్యాసాలు ప్రొద్దుటూరు నుంచి వచ్చే ఒక చిన్న మాసపత్రికలో పడేవి. ఎవరు చదివేవాళ్లో దేవునికే ఎరుక. క్లాసులో పిల్లకాయలు మటుకు ఒకే ఒక ప్రశ్న అడిగేవాళ్లు. "ఇది పరీక్షకొస్తుందా సార్?"

ఇంట్లో జ్ఞానమ్మ వినేది. ఆయమ్మ ఆయన పెండ్లాం, ఆస్పత్రిలో నర్సు. చాటలో బియ్యం ఏరుకుంటా, ఊ కొడతా, ఆయన ఊపిరి తీసుకునేదానికి ఆగినప్పుడు, "అయిందా? అయితే లేచి నీళ్లు పోసుకో" అనేది. ఈయనకు కోపం వచ్చేది. ఆయమ్మ కామెర్లొచ్చి చచ్చిపోయినాక తెలిసింది, ఆ ఊ కొట్టేది కూడా ఎంత పెద్ద సంగతో. బిడ్డలు లేరు. పద్యం ఇంకా ఉంది. చెప్పేదానికి గోడలున్నాయి.

ఆయన ప్రాణం పెట్టుకున్న పద్యం ఒకటుంది. పాతకాలపు కవి ఎవరో రాసింది, కవి పేరు కూడా సరిగ్గా నిలవలేదు. కోట కావలివాడి పద్యం. నాలుగే పాదాలు. మొదటి పాదంలో పొద్దు గూకినాక కోట తలుపు మూస్తారు. తెల్లారేదాకా ఎవరికీ తీయగూడదని రాజాజ్ఞ. రెండో పాదంలో బయట నుంచి ఒక గొంతు పిలుస్తుంది. చిన్నప్పుడు ఇంట్లో పిలిచే ముద్దు పేరు పెట్టి పిలుస్తుంది. అంటే వచ్చినవాడు కావలివాడి తోడబుట్టినవాడు. వెనక శత్రువులు తరుముతాండారు. మూడో పాదంలో కావలివాడి చెయ్యి గడియ దాకా పోయి ఆగిపోతుంది. నాలుగో పాదంలో వాడు దీపం ఆర్పేస్తాడు. అంతే. పద్యం అయిపోయింది.

దీపం ఎందుకు ఆర్పినాడు? ఆనందయ్య ముప్పై ఏండ్లు ఆ ఒక్క మాట చుట్టూ తిరిగినాడు. నిద్రపోయేదానికి కాదు, కావలివాడికి నిద్ర యాడిది? తలుపు సందులోంచి వెలుగు బయటికి పోతుంది. ఆ వెలుగు చూసి తమ్ముడు, లోపల మా అన్న ఉండాడు, తీస్తాడు అని ఆశపడతాడు. తీయలేనప్పుడు ఆశ ఎందుకు పెట్టాల? అందుకని ఆర్పినాడు. అది వాడు చేయగలిగిన ఒకే ఒక దయ. ఇదీ ఆనందయ్య చెప్పే అర్థం. ఎన్నోసార్లు గండికోటకు పోయి ఆ పెద్ద తలుపుల దగ్గర నిలబడి ఈ నాలుగో పాదం చదువుకునేవాడు. చదివినప్పుడల్లా కండ్లలో నీళ్లు తిరిగేవి. చూసినవాళ్లు దుమ్ము పడిందేమో అనుకునేవాళ్లు.

పద్యం చెప్పేటప్పుడు ఈయనకు ఒక పాడు అలవాటుంది. చేతిలో పెన్ను ఉండాల, ముందర కాగితం ఉండాల. నోరు పద్యంలో ఉంటే చెయ్యి దాని పని అది చేసుకుంటా ఉండేది. గీతలు గీసేది, కాదంటే సంతకం పెట్టేది. హైస్కూలు పిల్లకాయలు దొంగముండాకొడుకులు, ఇది ఎప్పుడో కనిపెట్టినారు. సారు నాలుగో పాదంలోకి దిగేదాకా కాసుకుని, సెలవు చీటీలు మెల్లగా ముందరికి జరిపేవాళ్లు. కె. ఆనందయ్య అని చక్కగా సంతకం పడేది. సారు తలెత్తి చూసేది కూడా లేదు.

ఇక ఎలక్షన్ల సంగతి. ఆ ఏండ్లలో మా సీమలో మనిషి ఏ హోటల్లో కాఫీ తాగుతాడో చూసి ఏ పార్టీయో చెప్పేవాళ్లు. పెండ్లి పిలుపులకు కూడా దావ చూసుకుని పోవాల్సి వచ్చేది. ఎలక్షన్ డ్యూటీ ఆర్డరు వచ్చిందంటే పంతుళ్ల ఇండ్లల్లో పొయ్యి వెలిగేది కాదు. ఆ యేడు ఆనందయ్యకు బొగ్గులవంక పడింది. ముద్దనూరు దాటి లోపలికి పోవాల. ఊరంతా ఒకే పార్టీ. రెండో పార్టీ వాళ్లలో సగం మంది ఊరిడిచి పులివెందులలో తలదాచుకుంటాండారు. ఆనందయ్య ప్రిసైడింగ్ ఆఫీసరు, ఆయన కింద రహమతుల్లా అని రెవెన్యూ గుమాస్తా. ఇద్దరికీ పాత పరిచయం.

"పంతులు సార్, నేను గండి ఆంజనేయస్వామికి కూడా మొక్కుకున్నా" అన్నాడు రహమతుల్లా జీపులో. "మా అల్లా ఉండాడు, మీ యేసయ్య ఉండాడు, అయినా ఆ ఊరికి ముగ్గురూ కావాల."

పొద్దన పదింటి దాకా బాగానే జరిగింది. ఇస్కూలు గదిలో పోలింగు. జనం వచ్చినారు, వేలికి సిరా పూయించుకున్నారు, ఓటేసి పోయినారు. అవి బ్యాలెట్ కాగితాల రోజులు. ప్రతి కాగితం వెనక ప్రిసైడింగ్ ఆఫీసరు సంతకం ఉండాల. సంతకం లేకపోతే ఆ ఓటు లెక్కలోకి రాదు. ఆనందయ్య ఓటరు ముందుకొచ్చినాకే ఒక్కో కాగితానికి సంతకం పెట్టి ఇస్తాండాడు. అంతలో ఊరి చివర ఢామ్మని ఒక శబ్దం. వరసలో ఉన్న జనం చెల్లాచెదురైనారు. ఎవరో ఇస్కూలు తలుపు మూసి లోపల గడియ పెట్టినారు.

పోలింగు సిబ్బంది కాక గదిలో నలుగురైదుగురు మిగిలినారు. అందరూ ఒక పార్టీ వాళ్లే. ముందర నిలబడినవాడు ఏజెంటు చెన్నకేశవ. ఊరి నాయకుణ్ణి అందరూ 'అన్న' అంటారు, ఆ అన్నకు వీడు కుడి చెయ్యి.

"సార్, నన్ను గుర్తుపట్టినారా? తొమ్మిదో తరగతి, వెనక బెంచీ" అన్నాడు చెన్నకేశవ వినయంగా. మిగిలిన బ్యాలెట్ కట్టలన్నీ ఆనందయ్య ముందర పెట్టినాడు. "వీటికి సంతకాలు పెట్టేస్తే పనైపోతుంది సార్."

"ఓటర్లు ఏరప్పా?" అన్నాడు ఆనందయ్య. పెన్నుకు మూత పెట్టేసినాడు. "మనిషి రానిది సంతకం పెట్టను. చంపితే చంపండి."

ఆ మాట ఆయన నిజంగానే అన్నాడు. వణుకుతానే అన్నాడు గానీ అన్నాడు. నవ్వేవాళ్లకు ఇది తెలీదు. ఒకడు పంచె ఎగ్గట్టి ముందుకు రాబోతే చెన్నకేశవ చెయ్యి అడ్డం పెట్టినాడు. నవ్వినాడు.

"ఛ, సారును ఏందిరా అట్ల చూస్తారు! మీ ఇష్టం సార్, బలవంతమేం లేదు. ఎట్లా ఊరికే కూర్చోనుండాం గదా. ఆ కోట కావలి పద్యం ఒక్కసారి చెప్పండి సార్. మావోళ్లు ఎప్పుడూ వినలేదు. నేను విని పద్దెనిమిదేండ్లయింది."

రహమతుల్లాకు అప్పుడే అర్థమైంది. దగ్గినాడు. బల్ల కింద ఆనందయ్య కాలు తొక్కినాడు. యాడ! అందరికీ శకునం చెప్పే బల్లి పోయి కుడితిలో పడినట్టు, మాట మాటకూ లోపలి అర్థం వెతికే మనిషికి ఆ అడిగినవాడి లోపల ఏముందో కనబడలేదు. ముప్పై ఏండ్ల ఉద్యోగంలో ఆ పద్యం చెప్పు సార్ అని తనంత తాను అడిగినవాడు ఇంకొకడు లేడు. ఆనందయ్య గొంతు సవరించుకున్నాడు. చేతికి ఏదో ఒక పని ఉండాల గదా, పెన్ను మూత తీసినాడు.

మొదటి పాదం చెప్పినాడు. రెండో పాదంలో ముద్దు పేరు దగ్గరికొచ్చేసరికి గదిలో గుసగుసలు ఆగిపోయినాయి. మూడో పాదంలో గడియ మీద చెయ్యి గురించి చెప్తాంటే, సంతకం పడిన కాగితాల మీద తమ పార్టీ గుర్తుకు ముద్రలు గుద్దే చేతులు కూడా ఒక నిమిషం ఆగినాయంట. రహమతుల్లా తర్వాత చెప్పినాడు. ఆనందయ్య చేతి కిందికి కాగితాలు వస్తాండాయి, పోతాండాయి. నాలుగో పాదం వచ్చింది. దీపం, సందులోంచి పోయే వెలుగు, తీయలేనప్పుడు పెట్టగూడని ఆశ, అన్నీ చెప్పినాడు. చెప్పి ఆగినాడు. చెయ్యి కూడా ఆగింది.

అప్పుడు ముద్ర గుద్దేవాళ్లలో ఒకడు తలెత్తినాడు. పేరు గుర్రప్ప. నలభై ఏండ్ల మనిషి, బక్క పలచగా, నుదుటి మీద పాత గాటు.

"అది సరే సార్" అన్నాడు. "లోపలున్నోడు దయతోనే ఆర్పినాడనుకో. మరి బయటున్నోడు ఏమనుకున్నాడు?"



ముప్పై ఏండ్లు ఆయన లోపలే నిలబడినాడు. కావలివాడి పక్కన నిలబడి, కావలివాడి చేతిని చూసి, కావలివాడి కోసరం ఏడ్చినాడు. తలుపుకు అవతల నిలబడి ఒక్కసారి కూడా చూడలేదు. అవతల నుంచి చూస్తే ఎట్లుంటుంది? చీకట్లో ఒకడు పరిగెత్తుకుంటా వచ్చి అన్నను పిలిచినాడు. సందులో వెలుగు ఉంది. ఉన్నట్టుండి ఆరిపోయింది. వాడు ఏమనుకుంటాడు? ఆహా, మా అన్న నా గొంతు గుర్తుపట్టినాడు, వేరే కావలివాళ్లకు కనబడకుండా దీపం ఆర్పి చీకట్లో తలుపు తీసేదానికి వస్తాండాడు అనుకుంటాడు! ఆశ పోయేది కాదు, అప్పుడే పుడుతుంది. అన్న దయ అనుకున్నదే తమ్ముణ్ణి తలుపు దగ్గర నిలబెట్టి చంపుతుంది. పారిపోతే బతికేవాడేమో!

"అయ్యో" అన్నాడు ఆనందయ్య. తర్వాత నిలవలేకపోయినాడు. అంతవరకు చెప్పిందంతా తప్పు అన్నాడు, మళ్లా మొదటి పాదం నుంచి చెప్తానన్నాడు. గొంతు పెద్దదైంది, చెయ్యి వేగం పెరిగింది. జీవితంలో అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. అప్పుడే తలుపు కొట్టిన శబ్దమైంది. "నాయనా, తలుపు తీయండప్పా, ఓటెయ్యాల" అని ఒక ముసలామె గొంతు.

"సార్, తలుపు కొడతాండారు సార్" అన్నాడు రహమతుల్లా.

ఆనందయ్య అటు చూడనన్నా చూడకుండా చెయ్యి ఊపినాడు. "ఉండప్పా, నాలుగో పాదంలో ఉండాం."

పద్యం అయిపోయేసరికి కాగితాలు కూడా అయిపోయినాయి. చెన్నకేశవ ఆయన కాళ్లకు దండం పెట్టినాడు. గడియ తీసినాక బయట ఎవరూ లేరు.

తిరిగొచ్చేటప్పుడు జీపులో ఆనందయ్య ముఖం వెలిగిపోతాంది. "ఆ గుర్రప్ప ప్రశ్న విన్నావా రహమతుల్లా? అదప్పా ప్రశ్నంటే!" అన్నాడు.  ముద్దనూరు స్టేషను దాటినాక రహమతుల్లా చెప్పినాడు. "సార్, బొగ్గులవంకలో ఓట్లన్నీ పడినాయి. చచ్చిపోయినోళ్లవి కూడా. అన్నిటి వెనకా నీ సంతకమే ఉంది." ఆనందయ్య తన కుడి చెయ్యి ఎత్తి చూసుకున్నాడు. వేళ్లు కొంకర్లు పోయి ఉన్నాయి. అప్పుడు గుర్తొచ్చింది తలుపు కొట్టిన ముసలామె గొంతు. జీపు ఆపించి, దిగి, వచ్చిన దావ వైపు చూస్తా రోడ్డు పక్కన నిలబడినాడు.

రెండో పార్టీ వాళ్లు ఊరుకుంటారా? ఫిర్యాదు చేసినారు. మళ్లా పోలింగు అన్నారు, విచారణ అన్నారు. విచారణకు రెండు రోజుల ముందు చెన్నకేశవ ఆనందయ్య ఇంటికొచ్చినాడు.

"సార్, మీకేం భయం లేదు. గుర్రప్ప బాంబు చూపించి బెదిరించినాడు, ప్రాణభయంతో సంతకాలు పెట్టినా అని ఒక్క మాట చెప్పండి. వాడు ఒప్పుకుంటాడు. అన్న చెప్పినాడు."

మా సీమలో ఇది మామూలే. కేసు వచ్చిందంటే నాయకుడు తన మనుషుల్లో ఒకణ్ణి చూపిస్తాడు, వాడు కేసు ఎత్తుకుంటాడు. పోలీసులకు మనిషి దొరికినాడు, నాయకునికి మచ్చ లేదు, పని జరిగిపోయింది. ఆనందయ్యకు కూడా అదే మేలు. బాంబు చూసి భయపడిన పంతులును ఎవరు తప్పు పడతారు? ఉద్యోగం నిలబడుతుంది, పరువు నిలబడుతుంది. రహమతుల్లా కూడా బతిమాలినాడు. "తల వంచి ఊ అను సార్, చాలు. కొరివితో తల గోక్కోవద్దు."

ఆనందయ్య ఆ రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఆయనకు ఒకటే బాధ. ఇన్నేండ్లకు ఒక మనిషి దొరికినాడు. పద్యాన్ని తలుపు అవతల నుంచి చూపించిన మనిషి. వాణ్ణి తన నోటితో జైలుకు పంపాలా? తన పరువు నిలబెట్టుకునేదానికి వాని నెత్తిన బాంబు పెట్టాలా? అట్లా బతికితే మళ్లా ఆ పద్యం నోటికి తెచ్చుకునే ముఖం ఉంటుందా?

విచారణ పులివెందుల బంగళాలో జరిగింది. వరండాలో గుర్రప్ప చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆనందయ్య పోతా పోతా వాని వైపు చూసి, భయపడొద్దు అన్నట్టు తల ఊపినాడు. గుర్రప్ప కండ్లు దించుకున్నాడు.

"మిమ్మల్ని బెదిరించినారా?" అని అడిగినాడు ఆఫీసరు.

"లేదు సార్. ఎవరూ బెదిరించలేదు. పద్యం చెప్పమన్నారు. చెప్పినా. చెప్తా చెప్తా సంతకాలు పెట్టినా. ఒక ముసలామె ఓటేసేదానికి తలుపు కొట్టింది. నాలుగో పాదంలో ఉండామని చెప్పి తీయనీలేదు. తప్పు నాదే సార్."

రాసుకుంటాండే మనిషి పెన్ను ఆపి నవ్వినాడు. ఆఫీసరు నవ్వలేదు. "నీకు పిచ్చి గిచ్చి ఏమైనా ఉందా పంతులూ?" అన్నాడు. బాంబు కేసు నిలబడలేదు. ఆనందయ్యను సస్పెండ్ చేసినారు.

ఆ తర్వాత ఒంటరితనం అంటే ఏందో ఆయనకు తెలిసింది. ముందు తెలిసిందంతా ఉత్తదే. ఈ పార్టీ వాళ్లు మాట వినలేదని మాట్లాడరు. ఆ పార్టీ వాళ్లు ఓట్లు దొంగిలించినాడని మాట్లాడరు. చర్చిలో ఆదివారం వాక్యం చదివేది ఆయనే ఎన్నో ఏండ్లుగా, ఇప్పుడు ఇంకెవరితోనో చదివించినారు. ప్రొద్దుటూరు పోతే వెంకటరమణయ్య అంగడి బయటే ఎదురొచ్చి, "కొన్నాళ్లు ఆగుదాం పంతులుగారూ, అంగడి మీద కన్ను పడుతుంది" అన్నాడు. ఆయన భయం ఆయనది. బయటున్నోడు ఏమనుకున్నాడు అని కొత్త వ్యాసం రాసి పంపితే, పత్రిక నుంచి మంచీ చెడ్డా జవాబే లేదు. ఇంటి ముందర పోయే పిల్లకాయలు, "సార్, సంతకం!" అని అరిచి పరిగెత్తేవాళ్లు.

ఇంత జరిగినా ఆనందయ్య లోపల ఒక ధైర్యం ఉండేది. గుర్రప్ప వస్తాడు. ఈపొద్దు కాకపోతే రేపు, సంతకు జమ్మలమడుగు రాక తప్పదు గదా. వాని కోసరం తాను పోగొట్టుకున్నది వానికి తెలీకుండా ఉంటుందా? వచ్చి కూర్చుంటాడు. ఇద్దరం మళ్లా ఆ తలుపు దగ్గరికి పోతాం. ఇంకా అడగాల్సినవి ఎన్ని ఉన్నాయి! అట్లా అనుకుని సంత రోజుల్లో ఉతికిన చొక్కా వేసుకుని వసారాలో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. చెప్తే సిగ్గుచేటు గానీ, పెండ్లిచూపులకు కూర్చున్నట్టే కూర్చునేవాడు.

వేసవి పోయి వానలు పడాల్సిన కాలంలో ఒక మధ్యాహ్నం గుర్రప్ప వచ్చినాడు. భుజాన ఖాళీ గోతం. ఆనందయ్య కుర్చీలోంచి ఒక్క దూకున లేచినాడు. "రాప్పా రా! లోపలికి రా! కూర్చో" అని, వాడు వద్దనేదానికి ముందే లోపలికి పోయి స్టవ్వు ముట్టించినాడు. రెండు గ్లాసుల్లో కాఫీ పోసుకుని వచ్చేసరికి గుర్రప్ప ఇంకా గడప బయటే నిలబడి ఉన్నాడు.

"ఎందుకు చెప్పినావు సార్?" అన్నాడు.

"ఏందప్పా?"

"నేను బెదిరించలేదని ఎందుకు చెప్పినావు? నిన్ను ఎవరు చెప్పమన్నారు?"

ఆనందయ్య ఒక గ్లాసు వాని ముందరికి చాపినాడు. "నిన్ను జైల్లో వేస్తారు గదప్పా! చెయ్యని తప్పుకు..."

"వెయ్యనీ సార్! అందుకే గదా ఒప్పుకునింది!" గుర్రప్ప గొంతు లేచింది. "కేసు ఎత్తుకుంటే మా చేన్లో బోరు వేయిస్తానని అన్న మాటిచ్చినాడు. ఆర్నెల్లో, ఏడాదో లోపలుండి వస్తా, నా బిడ్డలు బతికినన్నాళ్లు నీళ్లుంటాయి. మా ఇంటామె కూడా సరేననింది. నువ్వొచ్చి మా నోట్లో మన్ను కొట్టినావు. పంతులే లేదంటాండాడు, ఇంక నువ్వెందుకురా అన్నాడు అన్న. చేను బీడు పెట్టి కూలికి పోతాండా. నీకు నేనేం అన్యాయం చేసినా సార్?"

 ఆనందయ్య గ్లాసులు అరుగు మీద పెట్టి కూర్చున్నాడు. "నాకు తెలీదప్పా" అన్నాడు. "నిన్ను కాపాడుతాండా అనుకున్నా. నన్ను అంత మంచి ప్రశ్న అడిగినవాడివి..."

"ఏం ప్రశ్న?"

"అదేనప్పా. దీపం ఆర్పినాక బయటున్నోడు ఏమనుకున్నాడని."

గుర్రప్ప ఆయన వైపు వింతగా చూసినాడు. కోపం కొంచెం దిగింది. దాని బదులు వచ్చిన జాలి ఆనందయ్యకు కోపం కన్నా ఎక్కువ తగిలింది. "అదా సార్! నువ్వు పద్యం ఆపినావు, నీ చెయ్యి ఆగింది. ఇంకా కట్టలు ఉండాయి. చెన్నకేశవ ముందే చెప్పి పెట్టినాడు, సారు ఆగితే సంతకం ఆగుతుంది, ఏదో ఒకటి అడగండ్రా అని. అందుకు అడిగినా."

 ఈ మనిషి కోసరం ఆనందయ్య ఉద్యోగం పోగొట్టుకున్నాడు, ఊరి నోట్లో పడినాడు, వీని బతుకు కూడా చెడగొట్టినాడు. ఆ ప్రశ్న ఒక్కటే మిగిలిందనుకున్నాడు. అదీ తన కోసరం అడిగింది కాదు. ఆనందయ్య ఏడ్చినాడు. దాచుకోలేదు. గుర్రప్ప గోతం ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు, పోదామా వద్దా అన్నట్టు.

అప్పుడు ఆనందయ్య కండ్లు తుడుచుకుని తలెత్తినాడు. అలవాటు యాడికి పోతుంది?

"ఏదో ఒకటి అడగమన్నాడు గదా" అన్నాడు. "ఏం అడగాలో చెప్పలేదు గదా?"

"అంటే?"

"కవి పేరేందని అడగొచ్చు. ఆ కోట యాడుందని అడగొచ్చు. నా చెయ్యి కదిలేదానికి అది చాలు. బయటున్నోడు ఏమనుకున్నాడని ఎందుకు అడిగినావప్పా?"

గుర్రప్ప నిజంగానే ఆలోచించినాడు. నుదుటి గాటు మీద చెమట తుడుచుకున్నాడు. "ఏమో సార్. నోటికొచ్చింది అడిగినా." మెట్లు దిగి వెనక్కి తిరిగినాడు. "నాకు బోరు పోయింది. నువ్వు ఇంకా ఆడనే ఉండావా సార్?"

వాడు పోతాండాడు. ఆనందయ్య గడప దాకా లేచి వచ్చినాడు. "ఊరికే నోటికి రాదు గుర్రప్పా" అన్నాడు. సందు మలుపు దాకా వినబడాలని గొంతు పెంచినాడు. "ఏదీ ఊరికే రాదప్పా!"

మలుపులో ఎవరూ లేరు. ఆయన వెనక్కొచ్చి అరుగు మీద కూర్చుని, చల్లారిపోయిన రెండు గ్లాసుల కాఫీ తనే తాగినాడు.